బేరింగు మీద అరచెయ్యి

మేస్త్రీ గారు పోయారన్న సంగతి నాకు భీమడోలు స్టేషన్లో తెలిసింది, అదీ నెల రోజులు ఆలస్యంగా. ఏలూరు వెళ్ళి ఇంజనుకి కొత్త బెల్టు కొనుక్కురావాలని పొద్దున్నే బయల్దేరి, బండి రాక ప్లాట్‌ఫారం మీద ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతున్నాను. బెంచీ ఖాళీగానే ఉంది గానీ నాకు కూర్చోవడం చేతకాదు. గూడెం బియ్యం మిల్లు గుమాస్తా ఒకాయన ఎదురై, నాట్ల గురించి రెండు మాటలు మాట్లాడి, "అన్నట్టు, మీ ఇంజను చూసే పాత మేస్త్రీ పోయారండీ, తెలిసిందా?" అన్నాడు. నేను తెల్లబోయి చూస్తుంటే ఎవరో గుర్తురాలేదనుకున్నాడు కాబోలు, "అదేనండీ, మీ పంపు బుష్షు కాల్చేశారు చూడండి, ఆయనే," అని ఆనవాలు కూడా చెప్పాడు.

ఏలూరు బండి వచ్చింది, పోయింది. నేను ఎక్కలేదు.

ముప్ఫై ఏళ్ళు యంత్రాలకి చాకిరీ చేసిన మనిషికి చివరికి మిగిలిన ఆనవాలు అదీ! ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద మండాలో కూడా నాకు బాగా తెలుసు. ఆ బుష్షు కాల్చింది ఆయన కాదు, నేను. ఆ సంగతి తెలిసినవాళ్ళం ఇద్దరమే ఉండేవాళ్ళం. ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను.

ఆ కథకి వస్తాను. ముందు ఆయన ఎలాంటి మనిషో చెప్పాలి, లేకపోతే మీకేం అర్థమవుతుంది?

గూడెం బియ్యం మిల్లులో ఫిట్టరు. పొట్టి మనిషి. ఖాకీ నిక్కరు, మోచేతుల పైకి మడిచిన చొక్కా, చెవి మీద పెన్సిలు. చొక్కా జేబులో సన్నటి ముక్కున్న చిన్న నూనెడబ్బా ఒకటి ఎప్పుడూ ఉండేది. దాని మూలాన ప్రతి చొక్కాకీ ఆ జేబు కింద నల్లటి మరక. మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు నన్నెవరనీ అడగలేదు, ఇంజను ఎక్కడుందనీ అడగలేదు. వీధి తలుపు తోశారు. అది కిర్రుమంది. ఆగిపోయి, బందులకి రెండేసి చుక్కలు వేశారు. అక్కణ్ణుంచి పెరట్లోకి వెళ్ళి నూతి గిలకకి వేశారు. తిరిగొచ్చి మా అత్తగారు కూర్చున్న ఉయ్యాలబల్ల కొక్కేల వంక చూశారు.

"ఏవండోయ్! ఎవరండీ మీరు? అడిగేదీ లేదు, చెప్పేదీ లేదు!" అంది మా అత్తగారు, కాళ్ళు పైకి లాక్కుని.

"చప్పుడొస్తోందండీ."

"వస్తే వచ్చింది. మీకేం?"

"చప్పుడంటే ఏడుపండీ. లోపల ఒకటి ఇంకోదాన్ని తినేస్తోందన్నమాట. కాస్త దిగుతారా?"

మా అత్తగారు దిగింది. ఆవిణ్ణి ఆ ఉయ్యాలబల్ల మీంచి దింపిన మగాణ్ణి నేనంతకు ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు.

ఆయనతో ఎద్దుబండిలో ప్రయాణం చెయ్యడం ఒక శిక్ష. ఓసారి భీమడోలు నుంచి మా ఊరి రేవు దాకా ఒకే బండిలో వచ్చాం. ఇరుసు ఒకటే ఏడుపు. మేస్త్రీ గారు మొదట కదిలారు, తర్వాత మెదిలారు, తర్వాత దిగి బండి పక్కన నడవడం మొదలుపెట్టారు. పావు మైలు నడిచాక ఇక తట్టుకోలేక బండి ఆపించి, బండి కింద వేలాడుతున్న కందెన గొట్టం అందుకుని, చక్రం తీయించి తన చేత్తోనే పూశారు. బండివాడు విసుక్కున్నాడు. "నీ ఎడ్లు గడ్డి తినేది బండి లాగడానికా, ఇరుసుతో దెబ్బలాడ్డానికా?" అని కేకలేశారు మేస్త్రీ గారు. "సగం గడ్డి ఆ దెబ్బలాటకే పోతోందయ్యా! చూడు వాటి డొక్కలు!" తర్వాత ఎడ్లు నిజంగానే తేలిగ్గా నడిచాయి. బండివాడు మాత్రం ఊరొచ్చేదాకా ముఖం ముడుచుకునే కూర్చున్నాడు.

ఎవరింట్లోనూ ఆయన కూర్చోగా చూడలేదు. అన్నం పెట్టినా స్తంభానికి ఆనుకుని నిలబడే తినేవారు, తింటూ ఒక కాలు ఆడిస్తూ. నేనూ అంతే కదా. మేమిద్దరం ఒకచోట ఉంటే మా అత్తగారు, "మీ ఇద్దర్నీ చూస్తుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయర్రా," అనేది.

మా ఆయన ఏలూర్లో ఆ ఆయిల్ ఇంజను, పంపు కొన్న మూడో నెలకే టైఫాయిడు వచ్చి పోయారు. మా పొలం కొల్లేటి అంచున ఉంది. చుట్టూ మట్టిగట్టు, గట్టుకి అవతల కొల్లేరు. వానాకాలం వస్తే చేను కంటే కొల్లేరు ఎత్తుగా ఉంటుంది. లోపల పడ్డ నీళ్ళని పంపుతో గట్టు మీంచి బయటికి తోడిపోస్తే పంట, లేకపోతే లేదు. ఇంజను ఆడితేనే మాకు అన్నం. మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, పన్నెండో రోజు దాటగానే వచ్చి, "ఇంజను తాళం నాకివ్వమ్మాయ్. పొలం నేను చూసుకుంటాను. నీకూ అమ్మకీ ఏడాదికి గింజలు పంపిస్తాను," అన్నారు. చెడ్డవారు కాదు. కానీ ఆ మాట అన్నప్పుడు ఆయన చెయ్యి అప్పటికే చాచి ఉంది. నాకు చిర్రెత్తింది.

"నేనే నడుపుతానండీ," అన్నాను.

మేస్త్రీ గారికి కబురు పెట్టాను. ఆయన వచ్చాక అదే చెప్పాను, నాకు నేర్పండి అని. ఊళ్ళో ఎవరైనా అయితే నవ్వేవారు. ఆయన నవ్వలేదు.

"ఏదీ, చెయ్యి చూపించండి," అన్నారు.

చూపించాను. అరచేతి వంక దగ్గరగా చూసి, "కాయలున్నాయి. పరవాలేదండీ," అన్నారు. అదీ నాకు జరిగిన పరీక్ష.

ఆయన పాఠం అంతా అరచేతిలోనే ఉండేది. ఇంజను ఆడుతుండగా ఒక్కో బేరింగు పైన చెయ్యి పెట్టమనేవారు. బేరింగు అంటే ఇరుసుని మోసే పెట్టె. దాని లోపల ఇత్తడి గొట్టం ఉంటుంది, అదే బుష్షు. ఇరుసు తిరిగేది ఆ బుష్షులోనే.

"చెయ్యి పెట్టి పది దాకా లెక్కపెట్టండి అమ్మగారూ. పది దాకా ఉంచగలిగితే అంతా సవ్యంగా ఉన్నట్టు. అయిదుకే తియ్యాలనిపిస్తే నూనె వెయ్యండి. మూడుకే తీసేశారంటే ఇంకేం ఆలోచించద్దు, ఇంజను ఆపెయ్యండి. కొల్లేరు మీ ఇంట్లోకొచ్చినా సరే, ఆపెయ్యండి."

"అంత వేడి ఎక్కణ్ణుంచి వస్తుందండీ?"

"మీరు పోసిన క్రూడాయిల్లోంచేనండీ! మరెక్కణ్ణుంచి? ఈ ఇంజనులో అయిదు గుర్రాల బలం ఉందంటారు. నీళ్ళ దాకా ఎన్ని వెళ్తాయనుకున్నారు? దారిలో రాపిడిగాడు కూర్చునుంటాడు. ఇక్కడో గుర్రం, అక్కడో గుర్రం తినేస్తాడు. తిన్నది వాడికి అరగదు, ఇదిగో ఇలా వేడిగా కక్కుతాడు. మనం చేసేదల్లా వాడి నోరు కట్టడమే."

ఆయనకి రాపిడి అంటే వస్తువు కాదు, ఎదురింటి దొంగ. 'వాడు' అనేవారు. ఆ మాట విన్నాక నాకూ పూనకం వచ్చింది. నూనెడబ్బా పట్టుకుని కనిపించిన చోటల్లా వేస్తూ వేస్తూ, ఇంజను నుంచి పంపుకి వెళ్ళే తోలుబెల్టు వైపు తిప్పాను.

"ఓరి నాయనో! ఆగండాగండి!" అంటూ నా చేతిలో డబ్బా లాక్కున్నంత పని చేశారు. "అక్కడ వాడు కావాలండీ! బెల్టు చక్రాన్ని పట్టుకునేది వాడితోనే కదా. అక్కడ నూనె పడిందో, ఇంజను తిరుగుతుంది, బెల్టు జారుతుంది, పంపు చోద్యం చూస్తూ కూర్చుంటుంది." సంచిలోంచి గుగ్గిలం పొడి తీసి బెల్టు లోపలివైపు చల్లారు. "ఎక్కడ తగ్గించాలో, ఎక్కడ ఉంచాలో తెలిస్తే సగం పని వచ్చేసినట్టేనండీ. మిగతా సగం మీ చెయ్యే చెబుతుంది."

ఇంకో అలవాటు ఉండేది. ఎవరైనా గొంతు పెంచితే చాలు, "వేడెక్కుతోందండీ," అని లేచిపోయేవారు. గట్టు మీద మా బావగారు నన్ను సాధించడం మొదలుపెట్టినప్పుడల్లా ఆయన అదే మాట అనేసి, పానా తీసుకుని పంపు వెనక్కి వెళ్ళిపోయేవారు. మా బావగారికి ఆ మాట అంటే ఒళ్ళు మంట.

మొదటి ఏడు పంట బాగానే వచ్చింది. రెండో ఏడే అసలు సంగతి.

శ్రావణంలో వాన పట్టుకుంది. నాట్లు వేసి ఇరవై రోజులైనా కాలేదు. కొల్లేరు ఉబ్బి గట్టు అంచుదాకా వచ్చింది. లోపల మొక్కల కొసలు మాత్రం కనబడుతున్నాయి, పొద్దున్న కనబడ్డవి సాయంత్రానికి లేవు. మా బావగారు ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని గట్టు మీదికి వచ్చారు.

"ఈ సార్వా పంట నిలబడితే నీ ఇష్టం అమ్మాయ్, ఇంకెప్పుడూ అడగను. నీ చేతగానితనం వల్ల పోయిందంటే మాత్రం పొలం, ఇంజను నాకు అప్పగించాలి. వీళ్ళ ఎదురుగానే చెబుతున్నాను."

"సరేనండీ," అన్నాను. రోషం వచ్చినప్పుడు నాకు సరే తప్ప ఇంకో మాట రాదు.

ఇంజను మొదలుపెట్టాం. పాలేరు హేండిలు తిప్పేవాడు, నేను నూనె, క్రూడాయిల్, బెల్టు చూసుకునేదాన్ని. రెండో రోజు మధ్యాహ్నం గట్టు ఓ పక్క జారింది. జారినచోటే మా ఇంజనాయిల్ డబ్బా ఉంది. కళ్ళెదుటే కొల్లేట్లో కలిసింది. ఇంజనులో ఉన్న నూనె ఇంజనుకి సరిపోతుంది, పంపు బేరింగుకి చుక్క లేదు. భీమడోలు దారి మునిగిపోయింది. గాలికి దోనెలు వెయ్యడం లేదు.

పక్క లంకలో చేపలు పట్టుకుని బతికే ముసలాయన ఒకడు మాకు సాయంగా గట్టుకి మట్టి వేస్తున్నాడు. నా అవస్థ చూసి, "మా ఇంటికాడ చేపనూనె ఉందండమ్మగారూ. దోనెలకి పూత్తామండి. మా నున్నగా ఉంటదండి," అన్నాడు. కుండెడు తెచ్చాడు. నేను రెండు వేళ్ళ మధ్య రాసి చూశాను. నిజంగానే జర్రున జారింది. కొల్లేటి మీద తరాల నుంచి దోనెల్ని కాపాడే నూనె, ఇంత చిన్న ఇరుసుని కాపాడలేదా అనుకున్నాను. పోశాను.

ఏం చెప్పమంటారు, మొదట్లో అద్భుతంగా ఆడింది! చెయ్యి పెట్టి పది లెక్కపెట్టాను, ఇరవై లెక్కపెట్టాను. చల్లగా ఉంది. పంపు గొట్టంలోంచి నీళ్ళు బుస్సున గట్టు అవతలికి దూకుతున్నాయి. మేస్త్రీ గారు వచ్చాక ఈ గొప్ప చెప్పుకోవాలని కూడా అనుకున్నాను.

మర్నాడు ఇంజనుని చల్లబరిచే తొట్టిలో నీళ్ళు మార్చడానికి కాసేపు ఇంజను ఆపి, మళ్ళీ తిప్పాం. తిరిగింది గానీ బరువుగా తిరిగింది. బెల్టు జారి కాలిన తోలు వాసన వచ్చింది. నాకు తెలుసుగా, గుగ్గిలం చల్లాను. బెల్టు పట్టుకుంది. ఇంజను నల్లటి పొగ కక్కుతూ మూలగడం మొదలుపెట్టింది. గొట్టంలోంచి బుస్సున దూకే నీళ్ళు పిల్లకాలవంత అయ్యాయి. బేరింగు మీద చెయ్యి పెట్టాను. ఒకటి, రెండు, మూడు. తీసేశాను.

ఆపెయ్యమన్నారు కదా. కొల్లేరు ఇంట్లోకొచ్చినా ఆపెయ్యమన్నారు. నేను ఆపలేదు. చేలో అప్పుడప్పుడే మొక్కలు నెత్తి బయటపెడుతున్నాయి. ఇంకొక్క గంట ఆడితే చాలనిపించింది. ఇంకాస్త చేపనూనె పోశాను. అది బుడబుడమని పొంగి నురగ కట్టింది. ఆ తర్వాత పంపు ఒక్క అరుపు అరిచింది. ఇరుసు పట్టేసింది, బెల్టు ఊడి నా పక్కనుంచి ఎగిరి నీళ్ళలో పడింది. పాలేరు పరుగెత్తి ఇంజను ఆపాడు. వాన చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. నేను గట్టు మీద అటూ ఇటూ నడిచాను. ఎంతసేపు నడిచానో తెలియదు.

గాలి తగ్గాక పాలేరు దోనెలో వెళ్ళి, రైలెక్కి, మర్నాడు పొద్దున్నకి మేస్త్రీ గార్ని తీసుకొచ్చాడు. ఆయన సంచిలో కొత్త బుష్షు ఉంది. మా బావగారు, ఆ పెద్దమనుషులు అప్పటికే వచ్చి గొడుగులేసుకుని నిలబడి ఉన్నారు. చేను మళ్ళీ మునిగింది.

ఆయన పంపు విప్పారు. బుష్షు లోపలంతా వేడికి చేపనూనె గోధుమరంగు బంకై, లక్కలాగా గట్టిపడి ఉంది. గోటితో గీకారు. ముక్కు దగ్గర పెట్టుకున్నారు. తర్వాత నా వంక చూశారు. కోపం లేదు ఆ చూపులో. కోపం ఉంటే ఈపాటికి మరిచిపోయి ఉండేదాన్ని.

మీకు అనుమానం రావచ్చు, మిగతావాళ్ళకి ఆ వాసన తెలియలేదా అని. మా ఊళ్ళో చేపవాసన రానిది ఏది చెప్పండి? గాలి, నీళ్ళు, గొడుగులు, మనుషులు, అన్నీ అదే వాసన. గూడెం నుంచి వచ్చిన ముక్కుకి తప్ప అది ఎవరికీ తెలియదు.

"ఏమంటారు మేస్త్రీ?" అన్నారు మా బావగారు. "చెప్పండి, అందరూ వింటారు. ఇంజను ఆడమనిషి చేతిలో పెడితే ఇంతేనని నేను ముందే అన్నానా, లేదా?"

మేస్త్రీ గారు వేస్టుగుడ్డని కిరసనాయిల్లో ముంచి ఆ బంకంతా తుడిచేశారు. ఆ గుడ్డని ఉండచేసి కొల్లేట్లోకి విసిరేశారు. అప్పుడు మాట్లాడారు.

"అమ్మగారి తప్పేం లేదండీ. పోయినసారి బుష్షు నేనే బిగువుగా గీశాను. ఇరుసుకీ బుష్షుకీ మధ్య నూనె పొర పట్టేంత సందు ఉంచాలండీ. ఉంచలేదు. సందు లేకపోతే ఎంత నూనె పోసినా లోపలికి వెళ్ళదు. నా పొరపాటేనండీ."

"ముప్ఫై ఏళ్ళ పనివాణ్ణని చెప్పుకుంటారు, ఇదాండీ మీ పనితనం?"

"పొరపాటేనండీ," అన్నారు మళ్ళీ.

నేను నోరు తెరిచాను. ఒట్టు, తెరిచాను. "అమ్మగారూ, ఆ కిరసనాయిలు సీసా ఇలా అందుకోండి," అన్నారు ఆయన, నా వైపు చూడకుండా. నేను సీసా అందించాను. అంతే. నోరు మూతపడింది. పాలేరూ, చేపనూనె తెచ్చిన ముసలాయనా కూడా ఆ బిగువు మాటే నమ్మారు.

ఆ రోజంతా ఆయన కొత్త బుష్షు గీస్తూనే ఉన్నారు, నిలబడే. ఇరుసుకి దీపంమసి నూనెలో కలిపి పూసేవారు. బుష్షు ఎక్కించి ఒక్క తిప్పు తిప్పి తీసేవారు. లోపల ఎక్కడ నల్లగా అంటితే అక్కడ ఎత్తు ఉన్నట్టు. మూడంచుల ఆకురాయితో అక్కడ మాత్రం గీకేవారు. మళ్ళీ మసి, మళ్ళీ తిప్పడం, మళ్ళీ గీకడం. సందె పడక ముందే పంపు ఆడింది. నీళ్ళు దిగాయి. కొంత మొక్క కుళ్ళింది, ఎక్కువ నిలబడింది. నా పొలం నాకు మిగిలింది.

మేస్త్రీ గారికి ఏం మిగిలిందో విన్నాక మీరు నన్ను తిట్టుకోండి. మా బావగారు తన ఓటమిని ఊరికే మింగే రకం కాదు. ఆకివీడు సంతలో, ఏలూరు కచేరీల దగ్గర, ఎక్కడ నలుగురు కలిస్తే అక్కడ, "అదేనండీ, బుష్షులు కాల్చే మేస్త్రీ," అని చెప్పారు. కొల్లేటి చుట్టూ ఇంజన్లున్నవాళ్ళు ఆయన్ని పిలవడం మానేశారు. ఆ మాట గూడెం మిల్లుకీ చేరింది. బేరింగుల పని ఇంకో ఫిట్టరుకిచ్చి, ఈయన్ని బాయిలర్లో ఊక వెయ్యడానికి పెట్టారు.

నేను చెప్పలేదు. మొదట పంట ఇంటికి రానీ అనుకున్నాను. పంట వచ్చాక ఇప్పుడు చెబితే పెద్దమనుషుల ముందు మాట ఉంది కదా, పొలం పోతుందనుకున్నాను. ఆ తర్వాత, ఇంత ఆలస్యంగా ఏ మొహం పెట్టుకుని చెప్పను అనుకున్నాను. ఇలాంటివాటికి సాకులు వరసగా దొరుకుతాయి.

రెండేళ్ళ తర్వాత ఒకసారి గూడెం స్టేషన్లో కనిపించారు. జుట్టులో, కనుబొమల్లో ఊకదుమ్ము. జేబులో నూనెడబ్బా అలాగే ఉంది.

"ఇప్పుడు ఏ నూనె పోస్తున్నారండీ అమ్మగారూ?" అన్నారు.

"ఇంజనాయిలేనండీ," అన్నాను.

"మంచిది. పదీ లెక్కపెడుతున్నారా?"

"పెడుతున్నానండీ. మేస్త్రీ గారూ, ఆ రోజు నేను..."

"వేడెక్కుతోందండీ," అన్నారు నవ్వి, ఇక చెప్పనివ్వలేదు. నా బండి కదిలాక కూడా ప్లాట్‌ఫారం మీద తచ్చాడుతూ కనిపించారు. అదే ఆఖరిసారి చూడడం.

ఇప్పుడు భీమడోలు స్టేషన్లో ఆ గుమాస్తా మాట విన్నాక, బెల్టూ లేదు, ఏలూరూ లేదు. ఎదురు బండెక్కి గూడెం వెళ్ళాను. మిల్లు వెనక వీధిలో ఇల్లు. తలుపు తోస్తే కిర్రుమంది. ఆయన ఉండగా ఆ తలుపు అలా అని ఉండదు. ఆయన భార్య బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూర్చుని ఉంది. నేనెవరో చెప్పాను. కూర్చోమంది. కూర్చోలేకపోయాను. నిలబడే అంతా చెప్పేశాను, చేపనూనె దగ్గర్నుంచి కిరసనాయిలు సీసా దాకా.

ఆవిడ చేట కింద పెట్టేసింది.

"నాతో కూడా ఆయన తన పొరపాటేనన్నారండీ," అంది. "ఈ ఆరేళ్ళూ ఏ చిన్న మాట వచ్చినా నేను అదే ఎత్తిపొడిచేదాన్ని. బుష్షు సరిగ్గా గీయడం రాని మీరు నాకు చెప్పొచ్చారా అని. ఊరుకునేవారు. వేడెక్కుతోందే అని బయటికి వెళ్ళిపోయేవారు." కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఈ మాట మీ బావగారికి చెప్పారాండీ?"

"లేదండీ."

"ఆ పెద్దమనుషులకి?"

"లేదు."

"మరి నాకెందుకండీ చెప్పారు?"

ఆవిడ కోపంగా అడగలేదు, నిజంగానే అడిగింది. నాతో చెబితే మీకు పోయేదేముందని అడిగినట్టే వినిపించింది. వచ్చేశాను. రైల్లో కూడా తలుపు దగ్గరే నిలబడ్డాను.

మర్నాడు పొద్దున్న గట్టు మీద పాత బెల్టుతోనే ఇంజను ఆడుతోంది, ఈ ఏడు కూడా వానలు బాగానే ఉన్నాయి. మా బావగారు రోజూలాగే గట్టు చూడ్డానికి వచ్చారు. ఆనాటి పెద్దమనుషుల్లో ఒకాయన కూడా ఉన్నారు. నేను ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

"బావగారూ, ఆ ఏడు బుష్షు కాల్చింది మేస్త్రీ గారు కాదండీ. నేను. చేపనూనె పోశాను. ఆపెయ్యాలని తెలిసీ ఆపలేదు. ఆయన నా తప్పు తన మీద వేసుకుని, ఆ మచ్చతోనే పోయారు."

మా బావగారు అర్థం కానట్టు చూశారు. తర్వాత ముఖం ఎర్రబడింది. "ఇన్నాళ్ళూ నా చేత ఆ మాటలు ఊరంతా అనిపించావా?" అన్నారు. ఆ పెద్దమనిషి వైపు తిరిగారు. "విన్నారుగా. ఆనాటి మాట మీకు గుర్తుందనుకుంటాను. చేతగాని మనిషి చేతిలో..."

"గుర్తుందండీ," అన్నాను నేనే. "తాళం ఇదిగో, ఇస్తాను. ముందు ఆ పంపు దగ్గరికి రండి. బేరింగు మీద చెయ్యి పెట్టి పది లెక్కపెట్టండి. ఆ తర్వాత తీసుకోండి."

ఎందుకో ఆయన కాదనలేదు. వంగి, ఆడుతున్న పంపు బేరింగు పైన అరచెయ్యి పెట్టారు. పెదాలు కదిలిస్తూ లెక్కపెట్టారు. పది అయింది. చెయ్యి తియ్యలేదు. గొట్టంలోంచి నీళ్ళు బుస్సున గట్టు అవతలికి దూకుతున్నాయి.

"చల్లగా ఉందే," అన్నారు.

"ఆ రోజు సందె దాకా నిలబడి గీశారు చూడండి, అదే బుష్షండీ. ఆరేళ్ళ నుంచీ మార్చలేదు."

మా బావగారు చాలాసేపు చెయ్యి అక్కడే ఉంచారు. తర్వాత లేచి, కండువాతో అరచెయ్యి తుడుచుకున్నారు. నా చేతిలో తాళం వంక చూశారు గానీ తీసుకోలేదు.

"గూడెంలో ఆయన ఇల్లు ఎక్కడమ్మాయ్?" అన్నారు.